రోజూ ఆకుకూర పప్పు తింటున్నా ఐరన్, బి12 ఎందుకు తక్కువ?

ప్రశ్న: పద్మజ_కాకినాడ

మా అమ్మకు 54 ఏళ్లు. మొన్నటి రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.6, ఒంట్లో ఐరన్ నిల్వను చూపే ఫెరిటిన్ 8, బి12 160 వచ్చాయి. నెలసరి ఆగి నాలుగేళ్లు దాటింది. పూర్తి శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. మధ్యాహ్నం అన్నం, తోటకూర పప్పో పాలకూర పప్పో, ఒక వేపుడు, నెయ్యి, పెరుగు. తిన్న పది నిమిషాలకు టీ పడాల్సిందే. షుగర్‌కి ఎనిమిదేళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతోంది. పొద్దున్నే పరగడుపున కడుపులో ఆమ్లం తగ్గించే పాంటోప్రజోల్. ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర రెండూ రాత్రి పడుకునే ముందు గ్లాసు పాలతో వేసుకుంటుంది.

ఆకలి బాగుంది, విరేచనం మామూలే, కడుపునొప్పి లేదు. "అన్నీ అరుగుతున్నాయి కదే, మరి ఒంటికెందుకు పట్టడం లేదు?" అని అడుగుతోంది. తిన్నది ఎక్కడ అరుగుతుంది, ఎక్కడ రక్తంలోకి వెళ్తుంది అన్నది కాస్త వివరంగా చెప్పగలరా? భోజనం మధ్యలో నీళ్లు ఎక్కువ తాగుతుంది, దానివల్ల జఠర రసం పలచబడి ఇలా అవుతోందని చుట్టాలంటున్నారు. అది నిజమేనా?

జవాబు: శరీరధర్మం_మాస్టారు

పద్మజగారూ, అరగడం ఒక పని, ఒంటికి పట్టడం మరో పని. మొదటిది ముక్కలు చేయడం, రెండోది ఆ ముక్కల్ని పేగు గోడ దాటించడం. గొట్టంలో ఉన్నంతసేపూ తిన్నది శరీరం బయట ఉన్నట్టే లెక్క. ఆకలి బాగుండి, విరేచనం సరిగా అవుతోందంటే మొదటి పని మొత్తానికి సాగుతోందని అర్థం. రెండో పని గురించి అది ఏమీ చెప్పదు. ముఖ్యంగా ఐరన్, బి12 లాంటివి మిల్లీగ్రాముల్లో, మైక్రోగ్రాముల్లో ఉంటాయి కాబట్టి అవి పట్టకపోతే కడుపుకు తెలియదు.

అమ్మగారి భోజనాన్నే తీసుకుందాం. అన్నం నోట్లో ఉండగానే లాలాజలంలోని ఎమైలేజ్ అనే ఎంజైము పిండిని కోయడం మొదలుపెడుతుంది. రోజుకు లీటరు, లీటరున్నర లాలాజలం ఊరుతుంది. ముద్ద జీర్ణాశయంలోకి దిగాక కూడా ఆమ్లం ముద్ద లోపలికి ఇంకేదాకా ఆ కోత కొంతసేపు సాగుతుంది. పప్పులోని మాంసకృత్తుల మీద జీర్ణాశయంలోని పెప్సిన్ అనే ఎంజైము పనిచేయాలంటే ఆమ్లం కావాలి. జీర్ణాశయం కింది భాగం తిన్నదాన్ని నలిపి, ఒకటి రెండు మిల్లీమీటర్ల కంటే చిన్న రేణువులయ్యాకే కొంచెం కొంచెంగా చిన్నపేగులోకి వదులుతుంది. మామూలు భోజనం పూర్తిగా ఖాళీ కావడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. నెయ్యి, నూనె ఎక్కువైతే పేగు నుంచి కొలెసిస్టోకైనిన్ అనే హార్మోను విడుదలై ఆ వేగాన్ని ఇంకా తగ్గిస్తుంది. పూరీలు తిన్నరోజు సాయంత్రం దాకా ఆకలి వేయకపోవడానికి అదొక కారణం.

నీళ్ల మాట ఇక్కడే చెప్పేస్తాను. జఠర రసం 200 మి.లీ., దాని పీహెచ్ (ఆమ్ల తీవ్రత కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 2 అనుకోండి. దానికి 200 మి.లీ. నీళ్లు కలిపితే పీహెచ్ 2.3 అవుతుంది. ఆ కొలమానం లాగరిథమ్ లెక్కలో నడుస్తుంది కాబట్టి రెట్టింపు పలచన చేసినా కదిలేది అంతే. పెప్సిన్‌కు ఆ తేడా పట్టదు. పైగా జీర్ణాశయం అవసరాన్ని బట్టి ఆమ్లం ఊరిస్తూనే ఉంటుంది, నీళ్లేమో చప్పున కిందికి దిగిపోతాయి. కాబట్టి గ్లాసు రెండు గ్లాసుల నీళ్ల వల్ల ఈ రిపోర్టు రాదు. పుల్లటి తేన్పులు, గుండెలో మంట ఉన్నవాళ్లు మాత్రం ఒక్కసారిగా ఎక్కువ తాగకూడదు. అక్కడ ఇబ్బంది పలచబడటం వల్ల కాదు, కడుపు ఉబ్బి ఆమ్లం పైకి తన్నడం వల్ల. అమ్మగారి విషయంలో ఆమ్లాన్ని నిజంగా తగ్గిస్తున్నది పాంటోప్రజోల్.

అసలు పని చిన్నపేగులో. మొదటి 25 సెంటీమీటర్లు ఆంత్రమూలం. ఇక్కడికి క్లోమం నుంచి రోజుకు లీటరు నుంచి లీటరున్నర రసం, కాలేయం నుంచి అర లీటరుకు పైగా పైత్యరసం వచ్చి పడతాయి. క్లోమరసంలోని బైకార్బనేట్ ఆమ్లాన్ని చల్లారుస్తుంది, ఎంజైములు పిండిని, మాంసకృత్తుల్ని, కొవ్వుని కోస్తాయి. ఆఖరి కోత మాత్రం పేగు గోడ కణాల మీదే జరుగుతుంది. చక్కెరల్ని కోసే మాల్టేజ్, సుక్రేజ్, లాక్టేజ్ ఎంజైములు అక్కడే అతుక్కుని ఉంటాయి. మాంసకృత్తులు ఒంటరి అమైనో ఆమ్లాలుగానే కాక రెండు మూడు కలిసిన చిన్న గొలుసులుగా కూడా లోపలికి పోతాయి.

గ్లూకోజు దాటే పద్ధతి చెప్పుకోదగ్గది. దాన్ని మోసే ద్వారం సోడియం తోడు వస్తేనే తెరుచుకుంటుంది, ఆ రెండింటి వెంట నీరు లోపలికి వస్తుంది. విరేచనాలప్పుడు తాగించే ఓఆర్‌ఎస్ మొత్తం దీని మీదే నిలబడింది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల బొంగావ్ శిబిరంలో కలరా ప్రబలినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ బృందం ఉప్పు, గ్లూకోజు నీటిని నోటితోనే తాగించి మరణాలను సుమారు 30 శాతం నుంచి 4 శాతం లోపుకు తెచ్చింది. ఇప్పటి ప్యాకెట్‌లో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు ఉంటాయి. రుచి కోసం పంచదార ఎక్కువ వేస్తే నీరు లోపలికి రాకపోగా పేగులోకే లాగబడి విరేచనాలు పెరుగుతాయి. ప్యాకెట్ మీద ఎంత నీళ్లని రాసి ఉంటే అంతే కలపాలి.

నెయ్యి దారి వేరు. పైత్య లవణాలు దాన్ని సన్నటి తుంపరలుగా చీలుస్తాయి, లైపేజ్ అనే ఎంజైము కోస్తుంది, కణంలోకి వెళ్లాక మళ్లీ కొవ్వుగా కూడుకుని శోషరస (లింఫ్) నాళాల గుండా ప్రయాణించి గుండెకు దగ్గర్లో రక్తంలో కలుస్తుంది. ఎ, డి, ఇ, కె విటమిన్లు దాని వెంటే పోతాయి. అందుకే ఆకుకూరలోని కెరోటిన్ పట్టాలంటే ఆ పూట చెంచాడు నెయ్యో నూనో ఉండాలి.

ఇక ఎక్కడ ఏది దాటుతుందో చూడండి. ఐరన్, కాల్షియం ప్రధానంగా ఆంత్రమూలంలో, దాని తర్వాతి కొద్ది దూరంలో. చక్కెరలు, అమైనో ఆమ్లాలు, కొవ్వు చాలావరకు చిన్నపేగు పై సగంలో. బి12, పైత్య లవణాలు చిట్టచివరి భాగంలో. పేగు లోపలి విస్తీర్ణం టెన్నిస్ కోర్టంత అని పుస్తకాల్లో చదువుకున్నాం, 2014లో మళ్లీ కొలిచి లెక్కేస్తే మొత్తం జీర్ణనాళానికి కలిపి 30 చదరపు మీటర్లకు కాస్త పైన తేలింది. అయినా అది చాలా పెద్ద జాగా. తాగిన నీళ్లు, ఊరిన రసాలు కలిపి రోజుకు 8, 9 లీటర్లు లోపలికి వస్తే విరేచనంలో పోయేది 100 నుంచి 200 మి.లీ. మాత్రమే. ఐరన్‌కు మాత్రం అంత జాగా పనికిరాదు. మొదటి అడుగున్నర దూరంలో, కరిగిన రూపంలో ఉంటేనే దానికి ద్వారం దొరుకుతుంది.

జవాబు: తులసి_వనం

బీట్‌రూట్, క్యారట్ జ్యూస్ రోజూ ఇవ్వండి, రక్తం బాగా పడుతుంది. పాలకూర కూడా పెంచండి.

జవాబు: పోషకాహారం_గుంటూరు

తులసిగారూ, బీట్‌రూట్ ఎరుపుకు, ఐరన్‌కు సంబంధం లేదు. 100 గ్రాముల బీట్‌రూట్‌లో ఐరన్ ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. షుగర్ ఉన్నావిడకు వడకట్టిన రసం ఇవ్వడం అసలే వద్దు, పీచు పోయి తీపి మిగులుతుంది.

పద్మజగారూ, లెక్క వేసి చూపిస్తాను, అప్పుడు సంగతి స్పష్టమవుతుంది. 100 గ్రాముల తోటకూరలో ఐరన్ సుమారు 4.5 మి.గ్రా., 30 గ్రాముల కందిపప్పులో ఒక మిల్లీగ్రాము చిల్లర, అన్నంలో ఇంకాస్త. ఆ పూట మొత్తం 6 మి.గ్రా. అనుకోండి. మొక్కల నుంచి వచ్చే ఐరన్‌లో ఒంటికి పట్టేది తోడుగా ఏం తిన్నామన్నదాన్ని బట్టి 2 శాతం నుంచి 20 శాతం దాకా మారుతుంది. పప్పుల్లో, ధాన్యాల్లో ఉండే ఫైటేట్, పైన తాగిన టీలోని టానిన్లు కలిసి దాన్ని 5 శాతం దగ్గర కూర్చోబెడితే లోపలికి పోయింది 0.3 మి.గ్రా. నెలసరి ఆగిన స్త్రీకి రోజూ ఊరికే పోయే ఐరనే ఒక మిల్లీగ్రాముకు అటూ ఇటూ ఉంటుంది.

ఇప్పుడు లోటు ఎంతో చూడండి. హిమోగ్లోబిన్ ఒక్క గ్రాము పెరగాలంటే దాదాపు 140 మి.గ్రా. ఐరన్ కావాలి. 9.6 నుంచి 12కు రావడానికి 340 దాకా, ఖాళీ అయిన నిల్వలు నిండటానికి ఇంకో 500. పప్పు ఎంత పెంచినా ఈ గోతిని తిండితో పూడ్చడం కుదరదు. గొయ్యి పూడ్చేది మాత్ర. మళ్లీ పడకుండా కాపాడేది తిండి. ఈ రెండింటినీ కలగలిపేసి "ఇంకా ఆకుకూర పెట్టండి" అనడం వల్లే నెలల తరబడి నీరసంతో లాక్కొస్తున్నవాళ్లు ఎందరో.

తిండిలో మార్చాల్సినవి కొన్నే. టీని భోజనం నుంచి కనీసం గంట, వీలైతే గంటన్నర దూరం జరపండి. ఆ ఒక్క టీ ఆ పూట ఐరన్‌ను సగానికి పైగా అడ్డుకుంటుంది. కాఫీ ప్రభావం కాస్త తక్కువ, అయినా అదే నియమం. పప్పు దించి వడ్డించాక అరచెక్క నిమ్మరసం పిండండి. పొయ్యి మీద ఉండగా పిండితే విటమిన్ సి వేడికి చాలావరకు పోతుంది. ఇంకా మేలు కావాలంటే భోజనంతోపాటే ఒక జామకాయ ముక్కలు. 100 గ్రాముల జామలో విటమిన్ సి 200 మి.గ్రా. పైన ఉంటుంది, నిమ్మచెక్క దానికి సాటి రాదు. షుగర్‌కు కూడా జామ ఇబ్బంది పెట్టదు. విటమిన్ సి పని ఐరన్‌ను పేగు తీసుకోగలిగే ఫెర్రస్ రూపానికి మార్చి కరిగించి ఉంచడం, కాబట్టి అదే పూట ఉండాలి. పొద్దున తిన్న జామ మధ్యాహ్నపు పప్పుకు పనికిరాదు.

పప్పులు, శనగలు, రాజ్మా 6 నుంచి 8 గంటలు నానబెట్టి ఆ నీళ్లు పారబోస్తే ఫైటేట్ కొంత తగ్గుతుంది. మొలకెత్తిస్తే, పులియబెడితే ఇంకా తగ్గుతుంది. ఈ లెక్కన పులిసిన పిండితో చేసిన ఇడ్లీ, అట్టు ఉప్మా కంటే మెరుగు. పులుసుకూరలు ఇనుప మూకుడులో వండితే కొంత ఐరన్ కూరలోకి దిగుతుంది. పెరుగులోని కాల్షియం ఐరన్‌ను కొద్దిగా ఆపే మాట నిజమే కానీ, దాన్ని మానిపించకండి. అమ్మగారికి బి12 కాస్తయినా అందుతున్నది పాలు, పెరుగుల నుంచే.

జవాబు: మందుల_కౌంటర్

తిండి సంగతి వాళ్లు చెప్పారు, మాత్రల సంగతి నేను చెబుతాను. నాకు కనిపిస్తున్న పెద్ద చిక్కు రాత్రి పూటే ఉంది. ఐరన్, కాల్షియం, పాలు ఒకేసారి. కాల్షియం అక్కడే అడ్డం పడి ఐరన్‌ను ఆపుతుంది. ఈ రెండు మాత్రలకు మధ్య కనీసం రెండు గంటలు ఉండాలి.

ఐరన్ మాత్ర టిఫిన్, కాఫీ అయిన రెండు గంటల తర్వాత, అంటే ఉదయం 11 ప్రాంతంలో నిమ్మకాయ నీళ్లతో వేయించండి, పంచదార లేకుండా. మధ్యాహ్న భోజనం ఒంటిగంటకు, టీ మూడున్నరకు. మెట్‌ఫార్మిన్ ఎప్పటిలాగే తిండితో. కాల్షియం రాత్రి భోజనంతో. ఇక్కడ మాత్ర మీద ఏమి రాసి ఉందో చూడండి. కాల్షియం కార్బనేట్ అయితే అది కరగడానికి ఆమ్లం కావాలి, పాంటోప్రజోల్ వాడేవారికి సరిగా పట్టదు. అలాంటివారికి సిట్రేట్ నయం, మార్చమని డాక్టరుగారిని అడగండి. ఒకసారికి 500 మి.గ్రా. మించితే అదనం చాలావరకు వృథా. థైరాయిడ్ మాత్ర కూడా ఉంటే దానికీ ఐరన్, కాల్షియంలకూ నాలుగు గంటల ఎడం పెట్టాలి.

ఐరన్ మాత్ర అట్ట మీద ఉప్పు బరువు, అసలు ఐరన్ బరువు వేరువేరుగా ఉంటాయి. చూడాల్సింది ఎలిమెంటల్ ఐరన్ ఎంతన్నది. 60 మి.గ్రా. ఉన్న మాత్రలో పదో వంతు పట్టినా 6 మి.గ్రా., అంటే పై లెక్కలోని ఇరవై పూటల ఆకుకూర పప్పుకు సమానం.

బి12 ప్రయాణం ఇంకా పొడుగు. జీర్ణాశయంలో ఆమ్లం, పెప్సిన్ దాన్ని మాంసకృత్తి నుంచి విడదీయాలి. జీర్ణాశయపు గోడే తయారుచేసే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే మాంసకృత్తి ఆంత్రమూలం దాటేసరికి దాన్ని పట్టుకోవాలి. ఆ జంట చిన్నపేగు చివరిదాకా వెళ్తేనే ద్వారం తెరుచుకుంటుంది, దానికి కాల్షియం కూడా కావాలి. పాంటోప్రజోల్ మొదటి మెట్టును, మెట్‌ఫార్మిన్ చివరి మెట్టును దెబ్బతీస్తాయి. తినేదే తక్కువైన శాకాహారికి ఈ రెండూ తోడైతే 160 రావడంలో ఆశ్చర్యం లేదు. ఆ ద్వారం ఒక విడతలో ఒకటిన్నర, రెండు మైక్రోగ్రాములకు మించి తీసుకోదు. అందుకే 1000 మైక్రోగ్రాముల మాత్ర ఇస్తారు. అందులో ఒక శాతం ఏ ద్వారం సాయమూ లేకుండా దానంతటదే ఇంకుతుంది, ఆ 10 మైక్రోగ్రాములు రోజు అవసరానికి చాలా ఎక్కువే.

పద్మజ_కాకినాడ

చాలా ధన్యవాదాలండీ. మాత్రల వేళలు రేపటి నుంచే మారుస్తాను. మూడు సందేహాలు. పాంటోప్రజోల్ ఆపేయమంటారా? ఐరన్ వేసుకుంటే అమ్మకు వికారం, విరేచనం నల్లగా అవుతోంది, అది మామూలేనా? శనగలు, రాజ్మా పెంచితే గ్యాస్ పట్టేస్తుంది, అది అరగకపోవడమేనా?

జవాబు: పోషకాహారం_గుంటూరు

గ్యాస్ మాటకు నేను చెప్తాను. పప్పుల్లో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలుంటాయి. వాటిని కోసే ఎంజైము మనిషి పేగులో ఎవరికీ లేదు. అవి పెద్దపేగుకు చేరాక అక్కడి బాక్టీరియా పులియబెట్టి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. అదే పులియబెట్టడంలో పుట్టే బ్యూటిరేట్ పెద్దపేగు కణాలకు ఆహారం, కాబట్టి అదంతా నష్టమేమీ కాదు. నానబెట్టిన నీళ్లు పారబోసి, వేరే నీళ్లతో మెత్తగా ఉడికించి, మొదటి వారం గుప్పెడుతో మొదలుపెట్టి పెంచండి. పాలు తాగితే ఉబ్బరం వచ్చేది వేరే కారణం, లాక్టేజ్ తగ్గడం. దక్షిణాదిలో పెద్దవాళ్లలో అది మామూలే, వాళ్లకు పెరుగు పడుతుంది, ఎందుకంటే తోడులోని బాక్టీరియా ఆ ఎంజైమును వెంట తెస్తాయి.

జవాబు: జీర్ణకోశ_వైద్యం

పద్మజగారూ, పైవాళ్లు చెప్పినవన్నీ సరైనవే, కానీ మీ ప్రశ్నలో నాకు ముందు కనబడింది వేరు. నెలసరి ఆగిన నాలుగేళ్ల తర్వాత ఫెరిటిన్ 8 అంటే ఐరన్ పట్టకపోవడం ఒక్కటే అనుకుని ఊరుకోకూడదు. రక్తం ఎక్కడైనా కారుతోందా అన్నది చూడాలి. పేగులోంచి రోజుకు కొద్ది మిల్లీలీటర్లు పోయినా కంటికి కనపడదు. ఒక్క మిల్లీలీటరు రక్తంతో అర మిల్లీగ్రాము దాకా ఐరన్ పోతుంది కాబట్టి, 4 మి.లీ. పోతే ఏ ఆకుకూరా దాన్ని పూడ్చలేదు. ఈ వయసులో జీర్ణాశయం, పెద్దపేగు రెండింటికీ ఎండోస్కోపీ చేయించమని సలహా ఇస్తాం. ఆకలి బాగుండటం, నొప్పి లేకపోవడం చూసి దీన్ని వాయిదా వేయకండి. కీళ్లనొప్పులకు మాత్రలు తరచూ వేసుకుంటున్నారా, మొలలున్నాయా అన్నదీ డాక్టరుకు చెప్పండి. జీర్ణాశయంలో చేరే హెలికోబాక్టర్ పైలోరీ బాక్టీరియాకు పరీక్ష, గోధుమలోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే సీలియాక్ జబ్బుకు టీటీజీ అనే రక్తపరీక్ష కూడా అడగండి. చెప్పుల్లేకుండా పొలంలో, తోటలో తిరిగే అలవాటుంటే కొంకిపురుగుల సంగతీ చూడాలి, అవి పేగుకు కరుచుకుని రక్తమే తాగుతాయి.

నల్ల విరేచనం విషయం: ఐరన్ వల్ల వచ్చేది ముదురు ఆకుపచ్చ కలిసిన నలుపు, గట్టిగానే ఉంటుంది. తారులా మెరుస్తూ, జిగటగా, భరించలేని వాసనతో ఉంటే అది రక్తం, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. వికారం ఎక్కువగా ఉంటే మాత్ర రోజు విడిచి రోజు వేసుకోవచ్చేమో మీ డాక్టరుతో మాట్లాడండి. ఒక మోతాదు పడగానే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోనును పెంచి సుమారు 24 గంటలు పేగులోని ఐరన్ ద్వారాన్ని బిగిస్తుంది. మర్నాటి మాత్రలో పట్టే శాతం అందుకే తగ్గుతుంది, మిగిలిన ఐరన్ పేగులోనే ఉండి కడుపును తిప్పుతుంది. గర్భిణులు మాత్రం ఇది చదివి రోజూ వేసుకునే మాత్రను సొంతంగా తగ్గించకూడదు.

పాంటోప్రజోల్ చటుక్కున ఆపితే కొన్ని వారాలు ఆమ్లం మునుపటికంటే ఎక్కువగా ఊరుతుంది, మంట చూసి మళ్లీ మొదలుపెడతారు. అసలు ఎందుకు మొదలైందో అడగండి. అల్సర్ ఉండి గానీ, రక్తం పలచబరిచే మందుల వల్ల గానీ ఇచ్చి ఉంటే కొనసాగాలి. ఊరికే "గ్యాస్"కు మొదలై ఆగకుండా సాగుతుంటే మోతాదు మెల్లగా తగ్గించి మానిపించవచ్చు.

పేగే దెబ్బతిన్నదా అన్న అనుమానం ఎప్పుడు రావాలంటే, విరేచనం పాలిపోయి, జిడ్డుగా, నీళ్లు పోసినా కొట్టుకుపోకుండా తేలుతున్నప్పుడు, తింటున్నా బరువు తగ్గుతున్నప్పుడు. ఒకప్పుడు దక్షిణాదిలో పేగు గోడ పాడై తిన్నది ఒంటికి పట్టని ట్రాపికల్ స్ప్రూ అనే జబ్బు ఇలాగే మనుషుల్ని పీల్చి పిప్పి చేసింది. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి కుటుంబాన్నీ అది కాటేసింది. 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేశాక స్ప్రూ చికిత్సే మారిపోయింది. అదే ఫోలిక్ యాసిడ్ ఇప్పుడు చాలా ఐరన్ మాత్రల్లో కలిసి ఉంటుంది. బి12 తక్కువగా ఉన్నప్పుడు అదొక్కటే ఇస్తే రక్తం బాగుపడినట్టు కనిపిస్తూ నరాలు మాత్రం చెడిపోతూ ఉండవచ్చు. కాబట్టి అమ్మగారికి బి12 వెంటనే మొదలవ్వాలి. అరికాళ్లలో తిమ్మిర్లు, నడకలో తూలు, మతిమరుపు ఉంటే మాత్రతో కాక ఇంజెక్షన్లతో మొదలుపెడతాం. షుగర్ తిమ్మిర్లేలే అనుకుని వదిలేయకండి, ఈ రెండూ ఒకేలా ఉంటాయి.

నాలుగు వారాలకు హిమోగ్లోబిన్ మళ్లీ చూపించండి. కనీసం ఒక గ్రాము పెరగాలి. వేళలు సరిచేసినా పెరగలేదంటే మాత్ర పట్టడం లేదు లేదా రక్తం పోతోంది, అప్పుడు ఐరన్‌ను నరం ద్వారా ఎక్కించే సంగతి మాట్లాడాలి. పెరిగితే 12 రాగానే ఆపేయకండి, నిల్వల కోసం ఇంకో మూడు నెలలు సాగించి, ఫెరిటిన్ పరీక్ష చేయించాకే ఆపండి.